మూడు ఎస్‌లు వద్దు, ఒక జేజి చాలు

ప్రశ్న:

అన్నా, మాది తాడిపత్రి. మాఘమాసంలో కొత్తింట్లోకి దిగుతున్నాం. హాల్లో సోఫా వెనక గోడకి మా ఇంట్లోవాళ్ల పేర్లలో మొదటి అక్షరాలు ఇంగ్లీషులో పెద్దవిగా చేసి పెడదామని థర్మాకోల్ తెచ్చి కోశాను. బంగారు రంగు స్ప్రే కొట్టేసరికి అన్నీ చెదలు తిన్నట్టు గుంటలు పడి పాడైపోయాయి. ఈ తంటా ఎందుకు, ఆన్‌లైన్‌లో కొనేద్దాం అంటున్నాడు మా ఆయన. పోనీ తెలుగులో చేద్దామంటే, బడి గోడలా ఉంటుందని మా తోడికోడలు నవ్వింది. మా ఆయనదీ, పిల్లలిద్దరిదీ పేర్లు ఎస్‌తోనే మొదలవుతాయి. మా అత్తమ్మ పేరు కూడా గోడ మీద ఉండాలని నా ఆశ. పిల్లలు ఆమెను జేజి అంటారు. తన పాత ధర్మవరం పట్టుచీర ఒకటి ఇచ్చి, దీన్ని కూడా వాడుకోమంది. పిల్లల గదికీ, గేటుకీ కూడా ఏదో ఒకటి చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆ థర్మాకోల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం చదివితే మీకు పనితనం లేదని మీరే తీర్పు ఇచ్చుకున్నట్టుంది. మీ చేతిలో తప్పేం లేదు. స్ప్రే డబ్బాలో రంగుతో పాటు థిన్నర్ లాంటి ద్రావకం ఉంటుంది, థర్మాకోల్ మీద పడిందంటే దాన్ని కరిగించేస్తుంది. ఎంత దూరం నుంచి కొట్టినా, ఎంత పల్చగా కొట్టినా అంతే. థర్మాకోల్‌కి నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగు బ్రష్‌తో వేయాలి, అంతకుముందు ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి ఒక పూత పూస్తే ఇంకా మంచిది. అయినా నన్నడిగితే థర్మాకోల్ జోలికే పోవద్దంటాను. కోసేటప్పుడు ఆ పూసలు ఇల్లంతా ఎగిరి కాళ్లకి అంటుకుంటాయి, పిల్లాడి బంతి తగిలితే కొస విరిగిపోతుంది, పారేస్తే మట్టిలో కలవదు. పెళ్లి అయిన మరుసటి రోజు ఏ కల్యాణ మండపం వెనకకైనా వెళ్లి చూడండి, పెళ్లికొడుకు పేరు సగం, పెళ్లికూతురు పేరు సగం గాలికి దొర్లుతూ ఉంటాయి.

నా సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. నేను అనంతపురంలో ఫ్లెక్సీలు రాకముందు నుంచీ బోర్డులు రాసినవాణ్ణి, గోడలు, లారీలు, కిరాణా కొట్లు, ఎన్నికలొస్తే రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని కూడా రాసేవాళ్లం. ఫ్లెక్సీ వచ్చాక బ్రష్ మూలన పడింది. ఇప్పుడు అట్ట, చెక్క, రాయి, ఏది దొరికితే దాని మీద ఇళ్ల కోసం అక్షరాలు చేస్తున్నాను. కాబట్టి నేను చెప్పేది క్రాఫ్ట్ క్లాసులో నేర్చుకున్నది కాదు, అక్షరాలతో కొట్లాడి నేర్చుకున్నది. మొండితనం కనిపిస్తే ఓర్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మూడు ఎస్‌లు వరుసగా గోడ మీద ఉన్నాయనుకోండి, ఇంటికొచ్చినవాళ్లకి మీ ఆయన గుర్తొస్తాడా, నాగులకట్ట గుర్తొస్తుందా? ఇంగ్లీషులో ఒక్క ఎస్ వెనక శ దాక్కోవచ్చు, స దాక్కోవచ్చు, సు, సా, శ్రీ ఏదైనా దాక్కోవచ్చు, అందుకే ముగ్గురూ ఒకటైపోయారు. మన అక్షరం అట్లా కాదు, అచ్చుని వెంటబెట్టుకుని వస్తుంది. మీవాళ్ల పేర్లు మీరు రాయలేదు గానీ తెలుగులో రాస్తే ఒకరిది శ్రీ, ఒకరిది సా, ఇంకొకరిది సు అవ్వొచ్చు. అట్లా అయితే ఇంగ్లీషులో కలిసిపోయిన ముగ్గురు తెలుగులో ఎవరికి వారు అయిపోతారు. ఒక్క అక్షరమే పెట్టాలని పట్టుబడితే తెలుగులోనే పెట్టండి, ఈ లెక్క మీ తోడికోడలికి కూడా చెప్పండి.

కానీ నాకైతే మొదటి అక్షరం అన్న ఆలోచనే మన ఇళ్లకి అంతగా నప్పదనిపిస్తుంది. మనం మనుషుల్ని మొదటి అక్షరంతో గుర్తుపట్టం, పిలుపుతో గుర్తుపడతాం. మీ అత్తమ్మ పూర్తి పేరు ఆధార్ కార్డులో ఉంటుంది, రేషన్ కార్డులో ఉంటుంది, ఇంట్లో ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్లు ఎవరున్నారు ఇప్పుడు? పిల్లలు జేజి అంటారు, ఆ పిలుపే గోడకి పెట్టండి. ఇందులో ఇంకో సుళువు కూడా ఉంది. పెద్దవాళ్లలో చాలామందికి తమ పేరు గోడ మీద కనిపిస్తే దండ వేసిన ఫోటో గుర్తొస్తుంది, నేనింకా బతికే ఉన్నాను కదా అంటారు. ఒకాయన నేను చేసి ఇచ్చిన చెక్క పేరుని బీరువా వెనక దాచేశాడు, ఆయన పోయిన తర్వాత గానీ అది బయటికి రాలేదు. జేజి అని ఉంటే ఆ బాధ లేదు, అది మనవళ్లు ఆమెకి పెట్టిన పేరు. పిల్లలకి కూడా బడి రిజిస్టర్‌లో పేరు కాకుండా ఇంట్లో పిలిచేదే తీసుకోండి, చిన్ని, బుజ్జి, బంగారు, ఏదైతే అది.

మీ తోడికోడలు అన్నది మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. బడి గోడలా ఎందుకు ఉంటుందంటే, బడి గోడ మీద ఒక అక్షరం ఎర్రగా, ఒకటి నీలంగా, ఒకటి ఆకుపచ్చగా ఉంటుంది, చుట్టూ నల్ల గీత ఉంటుంది, దాని పక్కన నీడ ఉంటుంది. ఆ నీడలు వేసింది మాలాంటివాళ్లమే. కదిలే బస్సులోంచి చూసినా చదవగలగాలి అని వేసేవాళ్లం. మీ హాల్లో సోఫా వెనక నుంచి బస్సు పోదు. ఒకే రంగు వేయండి, గీత వద్దు, నీడ వద్దు, గోడ రంగు కంటే రెండు మూడు పాళ్లు ముదురుది చాలు. తెల్ల గోడ మీద పసుపు కలిసిన గోధుమ రంగు ఒకటి, లేదా బాగా ముదురు ఆకుపచ్చ ఒకటి. ఆ తర్వాత ఆమెనే పిలిచి చూపించండి.

ఇక కోసే ముందు తెలుసుకోవాల్సినవి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి కింద ఒక గీత, పైన ఒక గీత గీస్తే చాలు, అన్నీ ఆ రెండింటి మధ్యే సరిపోతాయి. తెలుగుకి నాలుగు గీతలు కావాలి. నడుమ ఒళ్లు, పైన తలకట్టు, గుడి, ఏత్వం వగైరాలకి చోటు, కింద వత్తులకి చోటు. అడుగు ఎత్తులో ఒక మాట కావాలంటే అక్షరం ఒళ్లు అడుగు ఉండదు, ఆరంగుళాలే దక్కుతుంది, మిగతాది పైకీ కిందకీ పోతుంది. లక్ష్మి అని రాసి చూడండి, క్ష కింద మళ్లీ మ వత్తు వేలాడుతుంది, అడుగులో అసలు అక్షరానికి మిగిలేది చారెడు. ఇది లెక్క వేసుకోక నేను తొలినాళ్లలో ఒక బట్టల కొట్టు బోర్డు మీద 'పట్టు' అని గొప్పగా రాసి, చోటు చాలక 'చీరలు' అన్నదాన్ని చీమల్లాగా ఇరికించాను. ఆ కొట్టాయన డబ్బులిచ్చాడు గానీ ఊరంతా చాలా రోజులు దాన్ని పట్టు కొట్టు అనే పిలిచింది.

రెండోది, విడి ముక్కలు. 'పాప' అని రాసి చూడండి, చివరి ప మీద తలకట్టు ఒంటికి తగలదు, పైన గాల్లో ఉంటుంది. కాగితం మీద బాగానే ఉంటుంది, అట్టలో కోస్తే మాత్రం తలకట్టు ఒక ముక్క, ఒళ్లు ఒక ముక్క. 'అమ్మ' అంటే అ ఒకటి, మ ఒకటి, కింద మ వత్తు ఇంకొకటి. గోడ మీద వీటిని విడివిడిగా సరిగ్గా నిలబెట్టడం తలనొప్పి. దీనికి గోడ రాతగాళ్లు చేసేది ఏంటంటే తలకట్టుని కొంచెం కిందకి దించి ఒంటికి తగిలిస్తారు, వత్తుని పైకి జరిపి పొట్టకి ఆనిస్తారు. అంగుళంలో నాలుగో వంతు ఒకదాని మీద ఒకటి ఎక్కితే చాలు, చూసేవాడికి తేడా తెలియదు, ముక్క ఒకటే అవుతుంది. అట్లా కుదరకపోతే వెనక ఒక పలక పెట్టి అన్నిటినీ దాని మీద అతికించండి. స్టెన్సిల్ కోసి గోడ మీద రంగు అద్దాలనుకుంటే కథ తిరగబడుతుంది, అక్కడ విడి తలకట్టుతో బాధ లేదు, సున్న లోపలి గుండ్రం రాలిపోతుంది, దాన్ని పట్టి ఉంచడానికి సన్నటి వంతెన ఒకటి వదలాలి.

అందుకే మొదట జేజి చేయండి అంటున్నాను. కింద వత్తు లేదు, దాదాపు ఏ ఫాంట్‌లో చూసినా పైన విడి ముక్కా ఉండదు, రెండే అక్షరాలు, రెండూ ఒకే జ. ఒక జ కోయడం చెయ్యి పట్టిందంటే రెండోది సగం టైంలో అయిపోతుంది. అందరి పేర్లూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్ల ఇళ్లలో సగం కోసిన అట్టలు మంచం కింద ఉండటం నేను చాలాసార్లు చూశాను.

నమూనా చేత్తో రాయగలిగితే అంతకన్నా అందం లేదు, మీ పిల్లలతో జేజి అని రాయించి దాన్నే పెద్దది చేయించుకోవచ్చు కూడా, వంకరగా ఉన్నా ఫర్వాలేదు. ఫాంట్ కావాలంటే లావుగా ఉండే రామభద్ర ఉంది, తిమ్మన ఉంది, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. సన్నటి ఫాంట్ల జోలికి పోకండి. అక్షరం ఒళ్లు ఎనిమిది అంగుళాలైతే గీత మందం అంగుళంన్నరకి తగ్గకూడదు, తగ్గితే అట్ట నిలవదు, గది అవతలి నుంచి చదవడానికీ ఉండదు. జిరాక్స్ షాపులో ఏ3 కాగితం మీద ఒక్కో కాగితానికి ఒక్కో అక్షరం వేయించుకోండి. దాన్ని అట్ట మీదకి దించడానికి కార్బన్ పేపర్ వాడొచ్చు, లేదా మా పాత పద్ధతి ఒకటుంది. అక్షరం అంచు పొడవునా గుండుసూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, కాగితాన్ని అట్ట మీద పరిచి, పల్చటి గుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడితో పైన అద్దితే చుక్కలు చుక్కలుగా అక్షరం కింద దిగుతుంది. ఆ కాగితం ఎన్నిసార్లైనా పనికొస్తుంది. తెల్ల గోడ మీదికైతే బొగ్గుపొడి, నల్ల బోర్డు మీదికైతే సుద్దపొడి.

అట్ట కొనక్కర్లేదు. కొత్తింటికి ఫ్రిజ్జో వాషింగ్ మెషీనో వస్తుంది కదా, ఆ పెట్టె దాచండి. అక్షరానికి ముందు ముఖం ఒకటి, వెనక ముఖం ఒకటి కోయాలి, రెండూ ఒకే నమూనాతో కోయండి, అతికించేటప్పుడు ఏదీ తిరగబడకుండా చూసుకోండి, మన అక్షరాలు అద్దంలో చూస్తే వేరేగా ఉంటాయి. బ్లేడు కొత్తది వేయండి, ఒకే దెబ్బకి కోయాలని చూడొద్దు, మూడు సార్లు తేలిగ్గా లాగండి. ఈ పని పిల్లలకి ఇవ్వకండి.

ఇప్పుడు రెండు ముఖాల మధ్య చుట్టూ తిరిగే పట్టీ. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. ఇంగ్లీషు ఎల్, టీ, ఈ లాంటివి గీతలే కాబట్టి పట్టీ ఎట్లా కోసినా మడత పెడితే సరిపోతుంది. తెలుగు అంతా వంపులే. అట్ట అంచుని దగ్గరగా చూడండి, రెండు కాగితాల మధ్య అలల్లాగా ఇంకో కాగితం ఉంటుంది, పైన వేలితో రాస్తే ఆ అలల గాళ్లు తగులుతాయి. పట్టీ రెండంగుళాల వెడల్పుతో కోసేటప్పుడు ఆ గాళ్లు పట్టీ పొడవునా పోకూడదు, అడ్డంగా ఉండాలి, నిచ్చెన మెట్లలాగా. అప్పుడు పట్టీ ఎటు తిప్పితే అటు వంగుతుంది. పొడవునా ఉన్నాయంటే వంచిన చోటల్లా టపటపా విరుగుతుంది. కోసిన పట్టీని ముందుగా అప్పడాల కర్రకి చుట్టి కాసేపు పట్టుకుంటే ఇంకా దారికొస్తుంది. జ లోపల ఉన్న చిన్న మెలికకి అట్ట వంగదు, అక్కడ పాత పెళ్లికార్డులు పట్టీలుగా కోసి రెండేసి కలిపి వాడండి, ఎవరింట్లో లేవు చెప్పండి పాత పెళ్లికార్డులు. ఫెవికాల్ పూసి, పట్టీని ముఖం అంచుకి ఆనించి, రెండేసి అంగుళాలకి ఒక మాస్కింగ్ టేప్ ముక్క అడ్డంగా వేస్తూ పోండి. ఒక్క అక్షరానికి గంట పడుతుంది. తొందరపడితే పట్టీ జారిపోయి మొదటికొస్తారు.

తర్వాత కాగితం అతకడం. ఫెవికాల్‌కి సమానంగా నీళ్లు కలిపి, న్యూస్ పేపర్‌ని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా చింపి (కత్తెరతో కోయొద్దు, చింపిన అంచు అయితేనే కలిసిపోతుంది) ముంచి అతికించండి. ఒక పొర ఆరాక ఇంకో పొర, మూడు పొరలైతే చెక్కలాగా గట్టిపడుతుంది. మైదా ఉడికించిన జిగురు కూడా పనికొస్తుంది, చవక, కానీ బొద్దింకలకి అది విందు భోజనం. పోస్టర్లు అతికించేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి. ఆరబెట్టడానికి ఎండలో మాత్రం పెట్టొద్దు. మన ఎండలకి పైవైపు గబగబా ఆరి, కిందవైపు తడిగా ఉండి, అక్షరం అప్పడంలాగా పైకి లేస్తుంది. నీడలో, ఫ్యాన్ కింద, మధ్యలో ఒకసారి తిరగేస్తూ ఒక రాత్రి ఉంచండి. ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, గోడకి వేసే తెల్ల ప్రైమర్ ఒక పూత (పెయింటర్లు మీ ఇంట్లోనే ఉంటారు కదా ఇప్పుడు, ఒక గ్లాసుడు అడగండి), మళ్లీ తేలిగ్గా రుద్ది, పైన యాక్రిలిక్ రంగు రెండు పూతలు.

మీ అత్తమ్మ చీర సంగతి. ఆమె ఇచ్చింది సరే, కత్తెర పెట్టే ముందు ఇంకోసారి అడగండి, ఇచ్చేటప్పుడు ఉన్న మనసు కోసేటప్పుడు ఉండకపోవచ్చు. కోయమంటే, అక్షరం ముఖం మీద పట్టుగుడ్డ అతికించే ప్రయత్నం చేయొద్దు. వంపుల దగ్గర ముడతలు పడుతుంది, జిగురు తడి పైకి తేలి మరకలవుతుంది. ముఖానికి రంగు వేసి, చుట్టూ పట్టీకి మాత్రం జరీ అంచు చుట్టండి. ధర్మవరం చీర అంచు వెడల్పుగానే ఉంటుంది, అందులో రెండంగుళాల కంటే కాస్త ఎక్కువ మేర జరీ పని బాగున్న చోటు తీసుకుని, పోగులు ఊడకుండా రెండు వైపులా సన్నగా మడిచి కుట్టి, చిక్కటి ఫెవికాల్ పల్చగా పూసి అతికించండి. ఎదురుగా చూస్తే జేజి అని మామూలు అక్షరమే. పక్క నుంచి వంటింట్లోకి పోయేవాళ్లకి ట్యూబ్‌లైట్ వెలుగులో జరీ తళుక్కుమంటుంది. చీరలో మిగిలింది భద్రంగా మడిచి ఆమెకే ఇచ్చేయండి.

మీ ఆయన మాట కూడా వినాలి కాబట్టి, కొనడం గురించి. ఎండీఎఫ్ చెక్కని లేజర్‌తో కోసి ఇచ్చే షాపులు ఇప్పుడు పెద్ద ఊళ్లన్నింట్లో ఉన్నాయి, నీటుగా వస్తుంది, టైం లేనివాళ్లకి అదే దారి, నేనూ చేయిస్తుంటాను. కాకపోతే తెలుగుతో రెండు ప్రమాదాలున్నాయి. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మనం ఫోన్‌లో టైప్ చేసి పంపిన తెలుగు పెడితే వత్తులు విడిపోతాయి. ఒక షాపులో నాకు 'శ్రీ' అన్నది శ పక్కన పొల్లు, దాని పక్కన ర, ఆ పైన గుడి దీర్ఘం, ఇట్లా నాలుగు ముక్కలుగా కోసి చేతిలో పెట్టారు, తెలుగు చదవడం వచ్చిన కుర్రాడే కోశాడు, కంప్యూటర్ అట్లానే చూపించింది సార్ అన్నాడు. రెండోది, అక్షరం ఒళ్లూ గుడీ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట ఆ గీతలు కలిపేయకపోతే లేజర్ రెండు గీతలనూ కోసుకుంటూ పోతుంది, గుడి ఊడి వస్తుంది. కాబట్టి కోయకముందే బొమ్మ తెప్పించుకుని మీరు చూడండి, పిల్లలకి చూపించి పైకి చదవమనండి. ఎండీఎఫ్‌కి తడి పడదు, ఉబ్బిపోతుంది. కొత్త గోడలో సిమెంటు తడి ఇంకా ఉంటుంది, అందుకని గోడకి పూర్తిగా ఆనకుండా వెనక చిన్న రబ్బరు బిళ్లలు పెట్టాలి.

పిల్లల గదికి ఇంకో రకం చేయండి, ఇది మన జిల్లా పక్కనే ఉన్న విద్య. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చూశారా? 2022లో జిల్లాలు విడిపోయాక ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి, రంగులేసి, నగల దగ్గర, చీర అంచుల దగ్గర చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే నగ అవుతుంది. ఇప్పుడు ఆ తోలుతో లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు. మనకి తోలు అక్కర్లేదు, మందపాటి నల్ల చార్ట్ అట్ట చాలు. దాని మీద పిల్లాడి పిలుపు పేరు గీసి, కింద పాత రబ్బరు చెప్పు పెట్టుకుని, మేకుతో అక్షరం లోపలంతా చిల్లులు పొడవండి, అంచు వెంట చిన్న చిల్లులు, నడుమ పెద్దవి. దాన్ని లోతు ఉన్న అట్టపెట్టెకి మూతలాగా అతికించి లోపల దీపావళికి కొన్న ఎల్‌ఈడీ దండ పెడితే రాత్రి బెడ్ లైట్ అదే. పాతకాలం వేడెక్కే బల్బు మాత్రం అట్టపెట్టెలో పెట్టకూడదు, అంటుకుంటుంది. ఈ పద్ధతిలో విడి ముక్కల బాధ కూడా లేదు, తలకట్టు ఎక్కడున్నా అట్ట పట్టుకునే ఉంటుంది, కాబట్టి వత్తులున్న పేర్లన్నీ ఇక్కడ పెట్టుకోండి. పొడవడం మొత్తం పిల్లలకే వదిలేయొచ్చు, కాస్త పెద్దవాళ్లైతే.

గేటు సంగతికొస్తే, తాడిపత్రిలో ఉండి గేటుకి ప్లాస్టిక్ అక్షరాలు అతికిస్తానంటే నేను ఒప్పుకోను. మీ ఊరంతా బండల పాలిష్ యూనిట్లే. అడుగు ఇంటు అడుగున్నర నల్లబండ ముక్క అడిగితే ఎవరైనా తీసి ఇస్తారు, శిలాఫలకాలు చెక్కేవాళ్ల దగ్గర ఇంటి పేరు చెక్కించి, గాడిలో తెల్ల ఎనామెల్ నింపించండి. రంగు వెలిసినప్పుడు మీరే మళ్లీ నింపుకోవచ్చు, గాడి ఎక్కడికీ పోదు. ఒక్క జాగ్రత్త, తాడిపత్రి బండైనా కడప బండైనా బేతంచెర్ల బండైనా సున్నపురాయి జాతి, యాసిడ్ పడితే పొంగి, పాలిష్ పోయి, తెల్లగా మచ్చ పడుతుంది. గేటు దగ్గర మెట్లు కడిగేటప్పుడు బాత్రూం యాసిడ్ దాని మీద చిందకుండా చూడండి. చెక్కించే ముందు అక్షరాలు నాలుగుసార్లు చూసుకోండి. ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో అన్నిటికంటే పాతదని చెప్పే కలమళ్ల శాసనం మీ ఊరి నుంచి రైలెక్కితే వచ్చే ఎర్రగుంట్ల దగ్గరదే, క్రీ.శ. 575 నాటిది, ఆ రాయి మీద రాతని ఇప్పటికీ పండితులు అక్షరం అక్షరం పట్టి చూస్తున్నారు. మీ ఇంటి పేరులో వత్తు తప్పు పోతే ఎంతకాలం ఉంటుందో ఆలోచించండి.

చివరగా తగిలించడం. రంగు వేసి నెల కూడా కాని గోడకి డబుల్ టేప్ వేయొద్దు, అక్షరంతో పాటు పెయింటు పెచ్చు కూడా ఊడి వస్తుంది. గ్లూ గన్ జిగురు కూడా నమ్మకండి, అది వేడికి మెత్తబడే సరుకు, ఏప్రిల్‌లో పడమటి గోడ కాగిందంటే అక్షరం మధ్యాహ్నం నిద్రలో నెత్తిన పడుతుంది. అక్షరం వెనక ముఖానికి, అతికించే ముందే, రెండు చోట్ల గట్టి దారం ఉచ్చులు కట్టి ఉంచుకోండి. గోడకి డ్రిల్ వేసి గట్టా (స్క్రూ పట్టు కోసం చిల్లులో దించే బిరడా), స్క్రూ పెట్టించండి, ఎలక్ట్రీషియన్ పని అయిపోకముందే అడిగితే ఐదు నిమిషాల్లో వేసిపోతాడు, అయితే స్విచ్ బోర్డుకి నేరుగా పైన మాత్రం డ్రిల్ వేయనివ్వకండి, లోపల వైర్లు పోతుంటాయి. సోఫా మీద కూర్చున్నవాళ్ల తల తగలకుండా సోఫా వీపు నుంచి అడుగున్నర పైన. గృహప్రవేశం రోజు మాత్రం ఏదీ తగిలించొద్దు, ఆ రోజు ఇల్లంతా జనం, తోరణాలు కట్టేవాళ్లు గోడకి నిచ్చెన ఆనిస్తారు, పాలు పొంగించి అందరూ వెళ్లాక తీరిగ్గా తగిలించుకోండి. అక్షరానికి రెండు స్క్రూలు, ఒక్కటి చాలదు. ఒక్కదాని మీద వేలాడే జి, తలుపు వేసినప్పుడల్లా పక్కకి వాలుతుంది, దాన్ని సరిచేయడం మీ అత్తమ్మకి రోజూ ఒక పని అవుతుంది.